శాంతయ్య తట్టిన రొట్టె

ఆ రోజు వర్షిణి ప్లాను చాలా చిన్నది. నంద్యాలలో ఏడింటి బస్సెక్కడం, ఆళ్లగడ్డలో శాంతయ్య ఒక్క జొన్నరొట్టె తట్టడం చూడడం, మధ్యాహ్నానికి ఇల్లు చేరడం. ఆమె ఆక్యుపేషనల్ థెరపీ విద్యార్థిని. పక్షవాతం వచ్చిన చేతిని ఇంటిపనితో దారికి తేవచ్చా అన్నది ఆమె పరిశోధన. ఆరు వారాలుగా శాంతయ్య కుడిచేత్తో పిండి పిసుకుతున్నాడు. ఈ రోజే చివరి పరీక్ష. రొట్టె ఆయనొక్కడే తట్టాలి. ఎవరైనా సాయం పట్టారా, ఆరు వారాల కష్టం గంగపాలు.

శాంతయ్య ఇంట్లో పొయ్యికి ఎదురుగా వర్షిణి ఫోనును చెంబుకు ఆనించి వీడియో పెట్టింది. శాంతయ్య వేళ్లు సగం ముడుచుకునే ఉన్నాయి. భార్య జయలక్ష్మమ్మకేమో చేతులు ఊరుకోవు. ముప్పై ఏళ్లుగా మొగుణ్ణి మంచినీళ్లు కూడా ముంచుకోనివ్వని ఇల్లాలు మరి.

"అమ్మా, మీరు ముట్టుకోవద్దు!" అని వర్షిణి అరిచింది.

సరిగ్గా అప్పుడే ఊడిపడ్డాడు జయలక్ష్మమ్మ తమ్ముడు బాలస్వామి. బావ రోజూ రొట్టెలు తడుతున్నాడని పక్కింటావిడ ముందురోజే ఫోన్లో ఊదిందట. పొయ్యి ముందు బావ, చేతులు కట్టుకుని అక్క, ఎదురుగా వీడియో. ఇంకేం కావాలి!

"ఏందిది అక్కా? చెయ్యి బాగలేని మనిషితో రొట్టెలు తట్టిస్తాండావా?"

"నేను యాడ తట్టిస్తాండాను రా! ఈ పాపే నన్ను ముట్టుకోవద్దంటాంది."

బాలస్వామి ముఖం పాలిపోయింది. "మహిళా సంఘం మేడమా? బావ ఇంటిపని ముట్టుకోడని మా అక్క కేసు పెట్టిందా?"

"కేసేంటండీ? నేను పరీక్ష చెయ్యడానికి వచ్చాను."

"మరి వీడియో సాక్ష్యానికేనా? కేసూ గీసూ ఒద్దు మేడం, మా బావ మంచోడు. ఆ రొట్టె నేనే తడతా. జరుగు బావా!"

వర్షిణికి ఏడుపొక్కటే తక్కువ. వద్దు మొర్రో అంటున్నా వినకుండా అతను ముద్ద లాక్కుని నాలుగు దెబ్బలు వేశాడు. రొట్టె మూడు ముక్కలైంది. ఇంకో ముద్ద తీశాడు. అదీ అంతే.

శాంతయ్య చూసి చూసి మండిపోయాడు. "థూ! పిండంతా పాడు చేస్తాండావు కదప్పా! లెయ్ ఈడ్నుంచి! అరచెయ్యి ఇట్ల పరచాల!"

కొత్త ముద్ద మీద ఆ కుడిచెయ్యి ఐదు వేళ్లూ విచ్చుకుని పడింది. చూస్తుండగానే రొట్టె పళ్లెమంత అయింది. జయలక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. ఫోను ఇంకా వీడియో తీస్తూనే ఉంది.

తిరుగు బస్సులో వర్షిణి ఫారం నింపింది. 'సాయం చేసినవారు' అన్న చోట 'ఎవరూ లేరు' అని రాసింది. 'ఇచ్చిన చికిత్స' దగ్గర చాలాసేపు ఆలోచించి, 'బావమరిది' అని రాసింది.