తోడల్లుడి తోలు జాకెట్టు

ఎనభైల మొదట్లో నర్సీపట్నంలో జీవరాజు కంటబడి ఇన్సూరెన్సు కట్టకుండా తప్పించుకున్నవాడు లేడు. ఊరంతా అతన్ని ప్రీమియం జీవరాజు అనేది. ఎంత గట్టి మనిషినైనా చావు పేరు చెప్పి భయపెట్టగల జీవరాజు, భార్య పరిమళకు మాత్రం భయపడేవాడు. ఆవిడ మిషన్ స్కూల్లో లెక్కల టీచరు. మొగుడి అబద్ధాన్ని మొహం చూసే గుణించి, భాగించి, శేషం చెప్పేసేది.

ఆ నవంబరులో బస్టాండు దగ్గర ఫారిన్ మత్స్యలింగం కొట్లో ఒక తోలు జాకెట్టు వేలాడింది. మత్స్యలింగం విశాఖపట్నం హార్బరులో ఓడవాళ్ళ దగ్గర సరుకు కొనుక్కొచ్చి అమ్మేవాడు. ఫారిన్‌తో అతనికున్న చుట్టరికం అంతే. జాకెట్టు తేనెరంగుది. ముందు ఇత్తడి జిప్పు, చేతుల పొడవునా తోలు కుచ్చులు. ఇంగ్లీషు సినిమాల్లో గుర్రమెక్కి తుపాకీ పేల్చేవాళ్ళు వేసుకునే రకం.

జీవరాజుకు గుర్రం లేదు గానీ రాజ్‌దూత్ మోటారుసైకిలుంది. పాలసీల కోసం దాని మీద చింతపల్లి ఘాటెక్కుతూ ఉంటాడు. ఆ జాకెట్టు వేసుకుని ఘాటెక్కుతున్నట్టు ఊహించుకున్నాడు. ఇక అన్నం సహించలేదు.

సాయంత్రం పరిమళ కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతుంటే మెల్లిగా కదిపాడు.

"పరిమళా, మత్స్యలింగం కొట్లో మంచి జాకెట్టొకటి వచ్చింది. కొందామనుకుంటన్నాను."

"నా కొలత ఆడికెలా తెలిసిందండీ?"

"నీక్కాదు."

వంకాయ కత్తిపీట మీదే ఆగిపోయింది. "మరెవలికి?"

"అబ్బే, నువ్వనుకునే జాకెట్టు కాదే. తోలుది. మగోళ్ళేసుకునేది."

"మగోళ్ళు జాకెట్టేసుకోడమేటి? ఏ మగోడికి?"

'నాకు' అని ఒక్క మాటంటే సరిపోయేది. కానీ నలభయ్యేళ్ళ వయసు, చర్చి కమిటీలో మెంబరుగిరీ ఒక్కసారే గుర్తొచ్చాయి. ఎదురుగా కత్తిపీట. నోటికొచ్చిన పేరు పలికేశాడు.

"మీ మరిదికి! క్రిస్మసుకొస్తన్నాడు కదా, టాటానగర్లో సలికి పాపం..."

మరిదంటే పరిమళ చెల్లెలు ప్రేమజ్యోతి భర్త యేసురాజు. ఉద్యోగం టాటానగర్లో. భారీ మనిషి. అతను చర్చిలో బెంచీ ఈ చివర కూర్చుంటే ఆ చివరవాళ్ళు గాల్లోకి లేచేవారు. కుర్రకారు రోడ్డురోలరు యేసురాజు అని పిలుచుకునేవారు.

పరిమళ మొగుడి మొహంలోకి ఒక్క క్షణం చూసింది.

"ఎంత మంచి మనసండీ మీది! రేపే ఎల్దాం."

తరవాత ఆలోచించుకుంటే తన అబద్ధం జీవరాజుకే ముద్దొచ్చింది. తనసలే సన్నపాటి మనిషి, తన కొలత జాకెట్టు యేసురాజు మోచెయ్యి కూడా దాటదు. 'నాకు పట్టదు, మీరే వేసుకోండన్నయ్యా' అంటాడు. కాదనడం మర్యాద కాదు కాబట్టి తను వేసుకుంటాడు. చిక్కల్లా ఒకటే. ఆ చిన్న కొలతను పరిమళ ఎదుటే ఎంచుకోవాలి.

మర్నాడు కొట్లో పరిమళ నేరుగా వెళ్ళి ఒక నల్ల జాకెట్టు తీయించింది. అందులో ఒక కుటుంబం కాపురముండొచ్చు.

"ఇది మా మరిదికి సరిగ్గా సరిపోతాది."

జీవరాజు అడ్డం పడ్డాడు. "నలుపొద్దే. టాటానగరంతా పొగే. మనిషెవడో పొగెవడో తెలీదు."

"అయితే ఆ కాఫీరంగుది. అదీ పెద్దదే."

"దానికి కుచ్చుల్లేవు."

"ఆడికి కుచ్చులెందుకండీ?"

"ఫేషను! ఆ తేనెరంగుది సూడు, ఎంత దర్జాగుందో."

"అది ఆడి చెయ్యొక్కదానికీ సాలదు."

"తోలు సాగుతాది. ఏం మత్స్యలింగం?"

మత్స్యలింగం మొగుణ్ణీ పెళ్ళాన్నీ మార్చి మార్చి చూశాడు. "సాగితే సాగుతాది బాబూ. సాగకపోతే సాగదు."

"ఏదీ, మీరోసారి తొడిగి సూపించండి" అంది పరిమళ.

జీవరాజు తొడిగాడు. ఒంటితో పాటు పుట్టినట్టు అతుక్కుపోయింది. అద్దం ముందు అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. బెల్టులో బొటనవేళ్ళు దూర్చి ఒక కన్ను చికిలించాడు.

"ఏటండీ, తీయరా?"

"కొలత సూస్తన్నానే!"

పరిమళ పెద్దదన్నకొద్దీ జీవరాజు చిన్నదన్నాడు. చివరికి ఆవిడే తగ్గింది. "మీ ఇష్టం. రేపు ఆడికి పట్టకపోతే నన్ననకండి."

జీవరాజు మనసులోనే హల్లెలూయ పాడుకున్నాడు.

ఆ పాట ఎక్కువ రోజులు నిలవలేదు. జాకెట్టు పరిమళ బీరువాలోకి వెళ్ళింది, తాళం ఆవిడ కొంగుకి వెళ్ళింది. క్రిస్మసుదాకా జీవరాజుకు రోజుకో దిగులు. బొద్దింకలు కొరుకుతాయేమో. యేసురాజు రాడేమో. వచ్చినా, ఎలాగో ఇరికించేసుకుంటాడేమో. చర్చిలో మోకరించి, తోడల్లుడి ఆకలి ఏమాత్రం తగ్గకుండా చూడమని దేవుణ్ణి వేడుకున్నాడు. తను మాత్రం ఎక్కడ ఒళ్ళొస్తుందోనని అరిసెలు ముట్టుకోలేదు.

క్రిస్మసు ముందురోజు మధ్యాహ్నం విశాఖపట్నం బస్సొచ్చింది. ప్రేమజ్యోతి దిగింది. వెనకే ట్రంకుపెట్టెతో ఒక బక్కపలచటి మనిషి దిగాడు. జీవరాజు అతన్ని పక్కకు జరిపి బస్సులోకి తొంగిచూశాడు.

"యేసురాజేడి?"

"నేనేనన్నయ్యా" అన్నాడు పక్కకు జరిగిన మనిషి.

పచ్చకామెర్లు. ఆసుపత్రిలో చాలాకాలం ఉన్నాడట. చొక్కా కొయ్యకి తగిలించినట్టుంది. నడుం దగ్గర ప్యాంటు గుప్పిట్లో పట్టుకుని నడుస్తున్నాడు. తెలిసినవాళ్ళే గుర్తుపట్టక దాటిపోతుంటే తల దించుకున్నాడు.

ఇంటికొచ్చాక పరిమళతో గొంతు తగ్గించి అన్నాడు. "రేపు గుడికి నేను రానొదినా. నా బట్టలేవీ నా ఒంటిమీద నిలబట్లేదు. అందరూ జాలిగా సూస్తారు."

పరిమళ బీరువా తీసి జాకెట్టు తెచ్చి తొడిగింది. జిప్పు నడుం నుంచి మెడదాకా ఎక్కడా ఆగకుండా వెళ్ళింది. యేసురాజు అద్దంలో చూసుకున్నాడు. వంగిన వీపు నిటారుగా లేచింది. బస్సు దిగాక మొదటిసారి నవ్వాడు.

"ఇంత సరిగ్గా ఎలా ఎంచేరన్నయ్యా?"

జీవరాజు నోరు తెరిచాడు. మాట పరిమళ అందుకుంది. "నేను పెద్దది కొందామంటే వింటేనా! ఇదే కావాలని పట్టుబట్టేరు."

మర్నాడు చర్చిలో జనమంతా యేసురాజు చుట్టూ మూగారు. కుచ్చులు పట్టుకు చూసేవాళ్ళు కొందరు, జిప్పు లాగి చూసేవాళ్ళు కొందరు. ఒంట్లో ఎలా ఉందని అడిగినవాడు లేడు. యేసురాజుకు కావలసిందీ అదే. పాస్టరు ఏసుపాదంగారు జీవరాజు భుజం తట్టి, తోడల్లుడంటే ఇలా ఉండాలన్నారు. జీవరాజు కక్కలేక మింగలేక నవ్వాడు.

ఇంటికి నడుస్తూ భార్య పక్కకు చేరాడు.

"నీకు ముందే తెలుసా?"

"అమ్మ టాటానగర్ ఎల్లొచ్చి సెప్పింది, మనిషి సిక్కిపోయి మీ అంతే అయ్యేడని. ఎవలికీ సెప్పొద్దని ఆడు ఒట్టేయించుకున్నాడంట."

"మరి కొట్లో పెద్దది పెద్దదని ఆ గోలేటి?"

"నేను సిన్నదంటే మీకు అనుమానమొచ్చీదా కాదా?"

జీవరాజు ఆలోచించాడు. వచ్చేదే.

"నాకోసమేనని కూడా తెలుసా?"

"అద్దం ముందు ఆ కన్ను సికిలించడం ఎవల కోసమండీ? నాకు కావాలే అని ఒక్క మాటంటే, రెండు కొనీసేవోళ్ళం."

ఎండ నడినెత్తికొచ్చింది. ముందు నడుస్తున్న యేసురాజు మెడ వెనక చెమట కారుతోంది. జీవరాజు గబగబా వెళ్ళి అతన్ని కలుసుకున్నాడు.

"తమ్ముడూ, ఉడుకెత్తిపోతన్నావు. ఇలాగియ్యి, ఇంటిదాకా నేనేసుకొస్తాను."

"ఏవండీ!" అంది వెనకనుంచి పరిమళ.

యేసురాజు నుదుటి చెమట తుడుచుకుని, జిప్పు ఇంకాస్త పైకి లాక్కున్నాడు.

"పర్లేదన్నయ్యా. సల్లగానే ఉంది."