రెక్కలో ఇల్లు

నేల మీద స్థలాలు అయిపోయాయి కనుక గృహనిర్మాణ శాఖ దరఖాస్తుదారులను అణువులుగా మార్చి లోహాల్లో ఇళ్ళు ఇస్తోంది. ఆ వరసలోనే అసిరయ్యకు విమానం రెక్కలో ఇల్లొచ్చింది. తెలిసినవాళ్ళంతా కుళ్ళుకున్నారు. మేకుల్లో, తలుపు గడియల్లో ఇళ్ళొచ్చినవాళ్ళున్నారు మరి. రెక్కంటే మాటలా!

రెక్కలో ఎటు చూసినా అల్యూమినియం వాళ్ళే. గట్టిదనం కోసం అక్కడక్కడ రాగివాళ్ళను కలపాలని నిబంధన ఉంది కాబట్టి అసిరయ్యను రాగిగా నమోదు చేశారు. ఎందుకని అతను అడగలేదు. ఆఫీసులో ఎందుకని అడిగితే పనవుతుందా?

మొదట అందరినీ కొలిమిలో పెట్టి కాచారు. ఆ వేడికి ఎవరి పక్కన ఎవరున్నారో చూసుకునే తీరిక లేక అంతా కలిసిపోయారు. వెంటనే చన్నీళ్ళలో ముంచేసరికి ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోయారు. అసిరయ్య గోడకవతల అల్యూమినియం దాలమ్మ తేలింది.

అసిరయ్య ఒంటరివాడు, పైగా మూర్ఛ రోగం. అది తెలిసి దాలమ్మ రోజూ పొద్దున్నే గోడ తట్టేది, ఇతను తిరిగి తట్టేవాడు. ఒకనాడు జవాబు రాకపోయేసరికి ఆవిడ లబలబలాడుతూ వరసంతా లేపి, తలుపు విరగ్గొట్టించి, అతని తల ఒళ్ళో పెట్టుకు కూర్చుంది. అప్పటినుంచి ఆవిడ అతనికి అప్ప, అంటే అక్క, అయింది. ఆ తట్టు వినిపిస్తే తప్ప అసిరయ్యకు తెల్లారినట్టు ఉండేది కాదు.

కొన్నాళ్ళకు లోహాన్ని ముదరబెట్టి గట్టిపరిచే శాఖవాళ్ళు వచ్చి సన్నసెగ పెట్టారు. రాగివాళ్ళలో కదలిక మొదలైంది. అయితే పక్కిల్లు ఖాళీ అయితేనే అందులోకి జరగాలి. జరిగినవాడు విడిచిన ఇల్లు ఇంకొకడికి ఖాళీ. అలా జరిగి జరిగి రాగివాళ్ళు నలుగురైదుగురు చొప్పున గుంపులు కట్టారు. అసిరయ్యకు ఒక పక్క అలాంటి చిన్న గుంపే చేరింది, రెండో పక్క దాలమ్మ గోడ ఉండనే ఉంది. అల్యూమినియం వరసలు జారబోయినప్పుడల్లా ఈ గుంపులు అడ్డం నిలిచేవి. రెక్క గట్టిపడింది. శాఖవాళ్ళు ఒకరికొకరు శాలువాలు కప్పుకున్నారు.

సెగ అక్కడితో ఆపాలి. ఆపమని సంతకం పెట్టే అధికారి సెలవులో ఉన్నాడు.

పెద్ద గుంపులు ఇంకా పెద్దవయ్యాయి, చిన్నవి కరిగిపోసాగాయి. అసిరయ్య గుంపులోవాళ్ళంతా వెళ్ళిపోయాక ఇన్‌స్పెక్టరు వచ్చాడు.

"చిన్న గుంపంటే అందరూ అంచునే ఉంటారయ్యా. అంచున ఉంటే పరాయివాళ్ళతో గోడ, శాఖకు దండగ ఖర్చు. పెద్ద గుంపులో దిగు. నీ వెనక వచ్చేవాళ్ళు చుట్టూ చేరి నిన్ను మధ్యవాణ్ణి చేసేస్తారు."

"మా అప్ప రోజూ గోడ తడతాదండి. అక్కడెవులు తడతారు?"

"నీవాళ్ళ మధ్య నీకు భయమేమిటి?"

ఆ మాట అసిరయ్యకు న్యాయంగానే తోచింది పాపం.

దాలమ్మ గుమ్మం పట్టుకు నిలబడింది. "ఎలిపోతన్నావేటి తమ్ముడూ?"

"ఎల్లమంతన్నారప్పా."

"మరి నీకేటైనా అయితే?"

"మావోలే వున్నారు గదప్పా."

ఆవిడ అన్నం పెట్టి పంపించి, తర్వాత ఏడ్చింది.

పెద్ద గుంపులో దిగిన మర్నాడు అసిరయ్య చెవులు రిక్కించుకుని పడుకున్నాడు. ఏ గోడా పలకలేదు. ఉండబట్టలేక తనే తట్టాడు.

"ఎవుల్రా అది?" అవతలినుంచి కసిరారు. "పరాయోడిలాగ గోడలు కొడతావేటి?"

అసిరయ్య సిగ్గుపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆ వారంలోనే మూర్ఛ వచ్చింది. ఇటువాళ్ళు అటువాళ్ళు చూస్తారనుకున్నారు, అటువాళ్ళు ఇటువాళ్ళు చూస్తారనుకున్నారు. అందరూ అయినవాళ్ళే మరి. తెలివొచ్చాక అసిరయ్య తన నురగ తనే తుడుచుకుని లేచాడు.

చిన్న గుంపుల అడ్డు పోయేసరికి అల్యూమినియం వరసలు మళ్ళీ జారడం మొదలెట్టాయి. దాలమ్మ ఇల్లు ఎటు జారిపోయిందో ఎవరికీ తెలియదు. రెక్క మెత్తబడిందని పైకి రాశారు. రాగివాళ్ళు ఒకరి పక్కన ఒకరు సుఖంగా ఉన్నారని పైనుంచి మెప్పు వచ్చింది. విమానం వేళకే ఎగురుతోంది, ప్రయాణికులు కునుకు తీస్తున్నారు.

అసిరయ్య ఇప్పుడు పొద్దున్నే లేచి, ఎవరికీ వినపడకుండా, దాలమ్మ తట్టినట్టు గోడ మీద ఒకసారి తడతాడు. కాసేపు ఆగి, తన జవాబుగా ఇంకోసారి తడతాడు. తెల్లారిందనుకుని పనిలోకి పోతాడు.