మెట్ల కింద పడుకున్నది

అత్తగారి అరవయ్యో పుట్టినరోజున కోడలు పెట్టుకున్న మొదటి పని చాలా చిన్నది. మెట్ల కింద అరలో ఉన్న వైన్ సీసాని సాయంత్రం విందుకి ఎలా సిద్ధం చేయాలో మందు సీసాల కొట్టాయనకి ఫోన్ చేసి కనుక్కోవాలి. అంతే.

ఆ సీసాకి ఒక కథ ఉంది. అత్తగారి తమ్ముడు ఓడల మీద వంటవాడిగా తిరిగే రోజుల్లో ఏదో రేవులో కొన్నాడట. పన్నెండేళ్ల కిందట అక్క ఈ కొత్త ఇంట్లోకి మారిన రోజున తెచ్చి చేతిలో పెట్టి, "దీన్ని పడుకోబెట్టే ఉంచక్కా, నీ అరవయ్యో ఏట తీద్దాం. మాంసంతో తాగాలి. చేపల జోలికి మాత్రం పోకు," అన్నాడు. "నా పుట్టినరోజుకి నా ఇంట్లో ఏం వండాలో నువ్వు చెప్తావేమిట్రా? చేపలే వండుతాను," అంది అక్క. మాటకి మాట పెరిగింది. చివరికి సీసా అరలోకీ, తమ్ముడు వీధిలోకీ వెళ్లారు. అప్పటినుంచి సీసా బయటికి రాలేదు, తమ్ముడు లోపలికి రాలేదు.

ఇప్పుడాయన రెండు వీధుల అవతల చిన్న భోజనశాల నడుపుతున్నాడు. అక్కాతమ్ముళ్లు కూరగాయల బజారులో ఎదురుపడితే ఇద్దరూ చెరొక వంకాయని పైకెత్తి, అందులో ఎవరి జాతకమో రాసి ఉన్నట్టు చూస్తూ నిలబడతారు. అయినా అత్తగారు వారం వారం ఆ సీసా దుమ్ము తుడిచి, తన పాత శాలువా చుట్టి మళ్లీ పడుకోబెడుతుంది. ఎందుకత్తయ్యా అంటే, "సీసా ఎవడిదైతేనేం, దుమ్ము నా ఇంటిది," అంటుంది.

కోడలు పోయిన వారమే భోజనశాలకి వెళ్లి, తనకి బాబాయి వరసయ్యే ఆయన్ని విందుకి పిలిచింది. "మా అక్క పిలవమందా?" అని అడిగాడాయన. ఆమె అబద్ధం చెప్పలేక నేల చూసింది. "అయితే అక్క పిలిచినప్పుడు వస్తాను," అన్నాడు. ఇంటికొచ్చి అత్తగారిని కదిపితే, "వాడికి కాళ్లు లేవా?" అంది. అయినా కోడలు బల్ల దగ్గర ఒక కుర్చీ ఎక్కువే వేసింది. ఆ కుర్చీ ఈ ఏడాది కూడా ఖాళీగా ఉంటే ఇంకో పన్నెండేళ్లు గడిచిపోతాయని ఆమె భయం. అంతకాలం ఎదురుచూసే వయసు ఆ ఇద్దరికీ లేదు.

దాంతోపాటు ఆమెకి మరో చిన్న కుతూహలం కూడా ఉంది. పల్లెటూళ్లో పెరిగిన మనిషి. వైన్ అనేదాన్ని బొమ్మల్లో తప్ప చూడలేదు. నల్లటి గాజులో అది ఇన్నేళ్లుగా ఏం చేస్తోందో తెలుసుకోవాలని ఎవరూ చూడకుండా ఒకసారి సీసాకి చెవి ఆనించి విన్నది కూడా. అదేం చెప్పలేదు. నిజంగా ఎవరి మాట ఒప్పు? చేపా, మాంసమా?

అత్తగారు చేపలు తానే ఏరుకోవాలని మధ్యాహ్నం భోజనం కాగానే బజారుకి వెళ్లింది. ఫోన్ ఎప్పటిలాగే బీరువా మీద మరిచిపోయింది. కోడలు పొయ్యి మీద కుక్కర్ పెట్టి, వంటింటి కిటికీ దగ్గర నిలబడి ఫోన్ చేసింది.

"నమస్తే అండి. మా ఇంట్లో పన్నెండేళ్లనాటి వైన్ సీసా..." అంటుండగానే కుక్కర్ పెద్దగా కూసింది. కూత ఆగాక ఆమె గొంతు పెంచింది. "అవునండీ, మెట్ల కిందే పడుకుంది. మేమే పడుకోబెట్టాం. చీకటిగానే ఉంది. శాలువా కప్పాం."

మంచి పని చేశారన్నాడు కొట్టాయన. నిలబెడితే బిరడా ఎండి గాలి దూరుతుందట. ఊరికే కదపవద్దన్నాడు.

"అమ్మో, కదిలిస్తే లోపలున్న మడ్డంతా పైకొస్తుందా? వయసైపోయింది కదండీ మరి. అయితే మెడ పట్టుకుని మెల్లగా తిప్పుతూ లాగాలన్నమాట. విరిగిపోతే?"

బిరడా విరిగితే వడకట్టుకోమన్నాడు. తీశాక వైన్‌ని కొంచెంసేపు గాలికి ఉంచి ఊపిరి పీల్చుకోనివ్వమన్నాడు.

"ఎక్కువసేపు ఊపిరి పీలిస్తే పాడైపోతుందా! సరేనండీ, అందరూ వచ్చే ముందే పని కానిచ్చేస్తాను."

చేపా మాంసమా అన్న ప్రశ్నకి ఆయన ఓపిగ్గా జవాబు చెప్పాడు. ఎర్ర వైన్‌లో పిందె జామకాయలో ఉండేలాంటి వగరు ఉంటుంది. మాంసంలోని కొవ్వు ఆ వగరుని మెత్తబరుస్తుంది. చేపతో కలిస్తే మాత్రం నోట్లో ఇనప మేకు పెట్టుకున్నట్టుంటుంది. వేయించిన చేపకి చల్లటి బీరు నయం. ఆ చేదూ బుడగలూ నూనె జిడ్డుని కడిగేస్తాయి. కోడలికి ఎవరో దీపం వెలిగించినట్టయింది. చేపకి బీరు, మాంసానికి వైన్! అయితే ఇద్దరూ ఓడిపోనక్కర్లేదు. వెంటనే బీరు సీసాలు పంపమని చెప్పి, ఆఫీసులో ఉన్న భర్తకి ఫోన్ చేసింది. ఇంట్లో ఎవరూ లేకపోయినా 'మాంసం' అనే మాటని మాత్రం, అత్తయ్య చెవిన పడకూడదన్న అలవాటుకొద్దీ, గుసగుసగా చెప్పింది. మిగతావి మామూలు గొంతుతోనే అంది.

"అత్తయ్యకి తెలియకూడదు. తెలిసేసరికి అంతా అయిపోవాలి. వచ్చేటప్పుడు ఆ పెద్ద కత్తికి పదును కూడా పెట్టించుకురండి."

ఇప్పుడు ఇవే మాటల్ని పక్కింటి కిటికీలోంచి వినాలి. అక్కడ ఉండేది రిటైరైన నర్సమ్మ. బతుకంతా రోగుల మూలుగులు విని విని, గోడకి అవతలి దగ్గుని కూడా గుర్తుపట్టేంత చెవి ఆమెది. కాకపోతే కుక్కర్ కూత సరిగ్గా 'సీసా' అన్న మాటనే మింగేసింది. మన భాషలో ఆడమనిషి పడుకున్నా పడుకుందే, సీసా పడుకున్నా పడుకుందే. మెట్ల కింద పడుకుందట, కదిలిస్తే పైకొస్తుందట, ఊపిరి పీలిస్తే పాడైపోతుందట. పైగా ఆ పెద్దావిడని ఏకవచనంలో! నర్సమ్మకి అన్నిటికంటే ముందు తగిలింది ఆ ఏకవచనమే. నిన్నటిదాకా "అత్తయ్యగారండీ" అన్న పిల్ల!

ఆమె అత్తగారి నంబరుకి ఫోన్ చేసింది. గోడ అవతల ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. మిక్సీలో మసాలా రుబ్బుతున్న కోడలికి అది వినపడలేదు. నర్సమ్మ కిటికీలోంచి తల పెట్టి అరిచింది.

"అమ్మాయ్! మీ అత్తగారు ఎలా ఉన్నారు?"

మిక్సీ హోరులో కోడలికి వినపడింది 'ఎలా' అన్నంతవరకే. విందు ఏర్పాట్ల గురించనుకుని, "అంతా సాయంత్రానికల్లా అయిపోతుందండీ! మీరు తప్పకుండా రావాలి!" అని నవ్వింది.

నర్సమ్మ కిటికీ మూసేసింది. ముందు అత్తగారితో బడిలో పనిచేసిన టీచరమ్మకి ఫోన్ చేసింది. తర్వాత భోజనశాలకి చేసింది. మధ్యాహ్నం రద్దీలో అక్కడ ఫోన్ ఎత్తేసరికి చాలాసేపు పట్టింది.

"నేనేమీ అనను నాయనా. చెవిన పడ్డది చెప్తున్నానంతే. మీ అక్కయ్యని మెట్ల కింద పడుకోబెట్టారు. ఊపిరి కష్టంగా ఉన్నట్టుంది. మెడ గురించి ఏదో అనుకున్నారు. కత్తి గురించి కూడా అనుకున్నారు, కానీ అది నేను చెప్పను."

మధ్యాహ్నం ఎండ తగ్గేవేళకి కోడలు అర ముందు మోకాళ్ల మీద కూర్చుని, సీసాని ఎలా పట్టుకోవాలా అని ఆలోచిస్తోంది. వీధి తలుపు దభాలున తెరుచుకుంది. బాబాయిగారు! నడుముకి వంట గుడ్డ, మోచేతులదాకా పిండి, చేతిలో గరిటె.

"ఏదీ? ఎక్కడ పెట్టారు?"

"ఇక్కడే ఉంది బాబాయిగారూ," అంది కోడలు సంతోషం పట్టలేక. ఆయన వచ్చింది సీసా కోసమేననుకుంది. "మెల్లగా! కదిలించకండి, మడ్డి లేస్తుంది."

ఆయన ఆమెని పక్కకి తోసి చీకటి అరలోకి తల దూర్చాడు. చేతికి మొదట అక్క శాలువా తగిలింది. ఆ శాలువా వాసన ఆయనకి తెలుసు. దాని కింద చెయ్యి పెట్టి తడిమాడు. గట్టిగా, చల్లగా తగిలింది.

"చల్లబడిపోయిందే!" అని ఘొల్లుమన్నాడు.

"చల్లగానే ఉండాలట బాబాయిగారూ," అంది కోడలు.

ఆయన వినిపించుకునే స్థితిలో లేడు. శాలువా మీద తల ఆనించి ఏడుస్తున్నాడు. "అక్కా! ఒక్కసారి లేవే! నాదే తప్పు. చేపలే వండుకుందాం. నువ్వు ఏ చేపలంటే ఆ చేపలే. చేపలతోనే తాగుదాం, లేవే!"

"ఏమన్నావు? ఇంకోసారి చెప్పు."

ఆ గొంతు వెనకనుంచి వచ్చింది. అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది, ఒక చేతిలో చేపల బుట్ట, ఇంకో చేతిలో చెప్పులు. బాబాయి ఉలిక్కిపడి లేవబోయి మెట్టుకి తల ఠంగున కొట్టుకున్నాడు. చేతితో తల రుద్దుకుంటూ అక్కని కిందినుంచి పైకి చూశాడు. బతికే ఉంది. దాంతో ఆయనకి పౌరుషం తిరిగొచ్చింది.

"నేనేం అనలేదు."

"చేపలతోనే అన్నావు."

"మెట్ల కింద మాట్లాడింది లెక్కలోకి రాదు."

ఇంతలో టీచరమ్మా, ఆమె వెంట ఇంకో ఇద్దరు పాత టీచర్లూ రొట్టెలూ బత్తాయిలూ పట్టుకుని, పరామర్శకి తగిన ముఖాలతో లోపలికొచ్చారు. నిక్షేపంలా నిలబడి ఉన్న రోగిని చూసి ఆ ముఖాలు ఎలా మార్చుకోవాలో తెలియక బత్తాయిలు ముందుకి చాచారు. వాళ్ల వెనక నర్సమ్మ, చేతిలో బీపీ మిషనుతో. ఆ వెనక బీరు పెట్టెతో కొట్టాయన మనిషి. అందరి వెనక, ఇంటిముందు జనాన్ని చూసి కంగారుపడి పరుగెత్తుకొచ్చిన కోడలి భర్త. ఆయన చంకలో మాంసం పొట్లం, చేతిలో తళతళలాడే పెద్ద కత్తి.

నర్సమ్మ కత్తిని చూసి, "చెప్పానా!" అంది.

విషయం తేలడానికి కొంతసేపు పట్టింది. అత్తగారు ముప్పయ్యేళ్లు బడిలో వ్యాకరణం చెప్పిన మనిషి. తీర్పు చెప్పేదాకా కూర్చోలేదు.

"పడుకుంది అంటే ఎవరు పడుకున్నట్టు? కర్త ఏదీ?"

"కర్తా?" నర్సమ్మ తడబడింది. "అన్నిటికీ కర్త ఆ పైవాడేగా, టీచరుగారూ."

"పైవాడు మెట్ల కింద ఎందుకు పడుకుంటాడు?" అని అత్తగారు కోడలి వైపు తిరిగింది. "నీకెన్నిసార్లు చెప్పాను, కర్త లేకుండా వాక్యం మాట్లాడొద్దని? ఇంతమంది నాకోసం ఏడవాల్సి వచ్చింది." తర్వాత తమ్ముడి వైపు చూడకుండానే, "కాళ్లు కడుక్కురా. ఆ పిండి చేతులతో నా శాలువా ముట్టుకోకు," అంది.

అక్క పిలవడం అంటే అదేనని తమ్ముడికి అర్థమైంది. వెళ్లి కాళ్లు కడుక్కుని వచ్చి, ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు.

చేపలు వేగాయి, మాంసం ఉడికింది. మాంసం వాసన వచ్చినప్పుడు అత్తగారు కోడలిని ఒక చూపు చూసి, చేపలు తిరగేసింది. బిరడా సగంలో విరిగింది. కోడలు టీ జల్లెడతో వడకట్టి, ముందు అక్కాతమ్ముళ్లకి చెరో గ్లాసు పోసింది. అక్క చేప ముక్క నోట్లో పెట్టుకుని ఒక గుక్క తాగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"చేపకి ఇంతకంటే నప్పేది లేదు," అంది.

తమ్ముడు మాంసం ముక్క నమిలి ఒక గుక్క తాగాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"మాంసం కోసమే పుట్టింది," అన్నాడు.

ఇద్దరూ ఒకరినొకరు చూస్తూ ఇంకో గుక్క తాగారు. ఎవరూ గ్లాసు దించరు. ఇన్నాళ్ల కుతూహలం ఆపుకోలేక కోడలు జల్లెడ అడుగున మిగిలింది వేలితో అద్ది నాలికకి రాసుకుంది. ఒళ్లంతా జలదరించింది.

"అత్తయ్యా, ఇది పులిసిపోయింది. వెనిగర్ అయిపోయింది."

ముందు తమ్ముడు గ్లాసు దించాడు. "నా గొంతు కాలిపోతోందక్కా," అన్నాడు. "నాది ఎప్పుడో కాలిపోయింది, నువ్వు దించుతావేమోనని చూస్తున్నాను," అంది అక్క. ఆ తర్వాత ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. నర్సమ్మ భయపడి బీపీ మిషను తీసేదాకా ఆపలేదు.

కోడలు ఉల్లిపాయలు సన్నగా తరిగి, ఉప్పు చల్లి, పైన ఆ పులిసిన వైన్‌ని పోసి తెచ్చింది. అది చేపకీ నప్పింది, మాంసానికీ నప్పింది. పరామర్శ రొట్టెలు మాంసం పులుసులోకి సరిపోయాయి. తాగేవాళ్లు చల్లటి బీరు తాగారు, మిగతావాళ్లకి బత్తాయి రసం తీశారు. గిన్నెలో చివరి ఉల్లిపాయ ముక్క దగ్గర అక్కాతమ్ముళ్లకి మళ్లీ మాట వచ్చింది, అది దేనికి ఎక్కువ నప్పిందని. కానీ ఈసారి ఎవరూ కుర్చీలోంచి లేవలేదు.

మర్నాడు బాబాయి అక్క డెబ్భయ్యో ఏటికని కొత్త సీసా తెచ్చి, అదే శాలువా చుట్టి మెట్ల కింద పెట్టాడు. ఆ అర తలుపు మీద ఇప్పుడు అత్తగారి గుండ్రటి అక్షరాలతో, పక్కింటి కిటికీలోంచి చూసినా కనిపించేంత పెద్దదిగా, కర్తతో సహా ఒక వాక్యం అతికించి ఉంది: 'ఇక్కడ సీసా పడుకుంది.'