ముత్తయ్య లారీకి నాలుగు రివర్స్ గేర్లు

ఆ శనివారం పొద్దున ముత్తయ్య వేసుకున్న పథకం చిన్నదే. భట్టిప్రోలులో ఎనిమిదింటికి లారీ ఎక్కడం, తొమ్మిదిన్నరకి రేపల్లెలో డ్రైవర్ల సంఘం వారి పాత బళ్ల ఊరేగింపులో చేరడం, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి పప్పుచారు తాగడం. లారీకీ ఆయనకీ ఒకటే వయసు, అరవై రెండు. ఆయనకి మోకాళ్లు అరిగాయి, లారీకి డిఫరెన్షియల్ అరిగింది. ఇంజన్ తిప్పే తిప్పుడుని వెనక చక్రాలకి పంచే ఆ ఇనప బుర్ర, కదిలినప్పుడల్లా కుక్కపిల్లలా ఏడ్చేది.

"ఇవాళ ఇది తన కాళ్ల మీద తను రేపల్లె చేరలేదో, రేపు పాత ఇనప కొట్టు పున్నారావుకి కబురెడతా," అని భార్య దానమ్మ ముందే తేల్చి చెప్పింది. మిరపకాయలు ఆరబోసుకునే చోటు రెండేళ్లుగా లారీ కిందే ఉంది మరి.

అందుకే తెనాలి నుంచి వెంకటకృష్ణయ్య మేస్త్రిని పిలిపించాడు ముత్తయ్య. మేస్త్రి డిఫరెన్షియల్ విప్పి నూనె వంచితే అందులో ఇనప రజను మెరిసింది. చిన్న చక్రం పళ్లు చిలకముక్కుల్లా తేలాయి. బాపట్లలో పాత సామాన్ల కొట్లన్నీ గాలించి కొత్త జత తెచ్చారు. బేరింగులు మార్చి, సందుల్లో పల్చటి రేకులు పెట్టి, పన్ను ఎక్కడ ఆనుతోందో తెలియడానికి మేస్త్రి పళ్లకి ఎర్ర సిందూరం పూశాడు.

దానమ్మ అదిరిపడింది. "చర్చికెళ్లే ఇంట్లో లారీకి బొట్లేంటయ్యా?"

"బొట్టు కాదే. రెండు చక్రాలకీ పొసిగిందో లేదో చూస్తున్నారు."

"మనకి పెళ్లప్పుడు ఇంత చూసినోళ్లు లేరు," అని ఆవిడ లోపలికెళ్లిపోయింది.

శుక్రవారం సాయంత్రానికి అంతా బిగించేశారు, మేస్త్రి రాత్రికి అక్కడే పడుకున్నాడు. శనివారం ముత్తయ్య లారీకి బంతిపూల దండలు కట్టి, స్టార్ట్ చేసి, ఫస్ట్ గేరు వేశాడు. లారీ కుక్కపిల్లలా ఏడవలేదు. నిశ్శబ్దంగా వెనక్కి వెళ్లింది. వెళ్లి, స్నానాల దడిని పడగొట్టింది. దడి మీదున్న చొక్కా, పంచె చక్రాల కింద నలిగాయి. దడి అవతల మేస్త్రి తుండుగుడ్డతో, తల నిండా నురగతో నిలబడి ఉన్నాడు.

"ఫస్ట్ వెయ్యమంటే రివర్స్ వేశావేంటయ్యా?"

"నలభై ఏళ్లు తోలినోణ్ణి, నాకు ఫస్ట్ గేరు తెలీదాండి?"

"లే, నే చూపిస్తా." మేస్త్రి ఆ తుండుగుడ్డతోనే ఎక్కి సెకండ్ గేరు వేశాడు. లారీ ఇంకాస్త జోరుగా వెనక్కెళ్లి గడ్డివాములో దూరింది. మేస్త్రి తల మీద నురగ తుడుచుకున్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు. "డిఫరెన్షియల్లో పెద్ద పళ్ల చక్రాన్ని ఎడం పక్క పెట్టాల్సింది, కుడి పక్క పెట్టాను. ఇప్పుడు నాలుగు గేర్లూ వెనక్కే. రివర్స్ ఒక్కటే ముందుకి."

"మళ్లీ విప్పితే?"

"రెండ్రోజులు."

దానమ్మ అప్పటికే ఫోనులో పున్నారావు నంబరు వెతుకుతోంది. ముత్తయ్య ఇంకేం ఆలోచించలేదు. మేస్త్రిని పక్కకి జరగమని, రివర్స్ వేసి, ముందుకి కదిలాడు.

రివర్స్ గేరులో లారీ నడిచే మనిషి కంటే కొంచెం మెల్లగా పోతుంది. పూలదండల లారీ, పక్కన ఒంటి మీద చొక్కా లేకుండా తడి తుండుగుడ్డతో పెద్దమనిషి. దారిలో జనం తలగుడ్డలు తీశారు. ఒకాయన సైకిల్ దిగి వెనకాలే నడిచాడు. ఆయన్ని చూసి ఇంకో నలుగురు నడిచారు. ఎవరు పోయారని పక్కవాణ్ణి అడగడం మర్యాద కాదని అందరూ ఊరుకున్నారు. రేపల్లె చేరేసరికి ఒంటిగంట అయింది. వెనక ముప్ఫై మంది, ఇద్దరు కళ్లు తుడుచుకుంటూ.

ఊరేగింపు ఎప్పుడో అయిపోయింది. సంఘం కార్యదర్శి వినయ్ కుమార్ ఆ గుంపుని చూసి, మైకు పట్టుకుని, రెండు నిమిషాలు మౌనం పాటించమన్నాడు. పాటించాక దగ్గరికొచ్చి నెమ్మదిగా అడిగాడు. "ఎవరండి పోయింది?"

"ఇంకా ఎవరూ పోలేదు బాబూ. సాయంత్రం నేను ఇంటికెళ్లాక తెలుస్తుంది," అన్నాడు ముత్తయ్య.

మిగిలింది ఒకే పోటీ: డ్రమ్ముల మధ్య నుంచి లారీని వెనక్కి తోలడం. ముత్తయ్య పేరిచ్చాడు. మిగతా డ్రైవర్లు మెడలు తిప్పుకుంటూ, ఉన్న ఒక్క రివర్స్‌తో పాకారు. ముత్తయ్య ఫస్టు, సెకండు, థర్డు మార్చుకుంటూ, ఒక్క డ్రమ్ము తగలకుండా, దూసుకుపోయాడు. ఏడ్చిన ఇద్దరే ముందుగా ఈల వేశారు.

అప్పుడే దానమ్మ పున్నారావుని వెంటబెట్టుకుని ఆటో దిగింది. మొగుడి చేతిలో గెలిచిన కప్పు చూసింది, చప్పట్లు విన్నది, పున్నారావు వైపు తిరిగింది. "నువ్వెందుకొచ్చావు అన్నయ్యా? అమ్మేదుంటే చెప్తాలే. మిరపకాయలు లారీ తొట్లో ఆరబోసుకుంటా."

"నేనే కావాలని అలా బిగించా," అన్నాడు మేస్త్రి, ఎవరూ అడగకుండానే.

ఫోటోగ్రాఫరు వచ్చాడు. వేదిక ముందు లారీ, లారీలో ముత్తయ్య, ఆయన చేతిలో కప్పు. "బాబాయ్, కొంచెం ముందుకి రండి," అన్నాడు. పొంగిపోయి ఉన్న ముత్తయ్య, నలభై ఏళ్ల అలవాటు కొద్దీ, ఫస్ట్ గేరు వేశాడు.

మర్నాడు పేపర్లో పడిన ఫోటోలో ముత్తయ్య, కప్పు, లారీ చాలా స్పష్టంగా ఉన్నాయి, వేదికే కనపడలేదు.