ఎర్రపూల టీ, సగం గడ్డం

కుప్పంలో తమ్ముడి కూతురి నిశ్చితార్థం. గడ్డం గీయించుకుని, మధ్యాహ్నం బస్సెక్కి, పెదనాన్న హోదాలో ముందు వరుసలో కూర్చోవాలన్నది ఆ ఉదయం పుంగనూరు రామచంద్ర పథకం. పథకానికి ముందు టీ.

ఆ టీ ఆయనది కాదు, భార్య నాగరత్నమ్మది. నెలసరి ఆగిపోయే వయసు కావడంతో ఆమెకు ఉన్నట్టుండి ఒళ్లంతా ఆవిర్లు. చలికాలంలోనూ ఫ్యాను కింద చెమటలే. రెడ్ క్లోవర్ అనే ఎర్రపూల టీ మంచిదని ఎవరో చెబితే ఆన్‌లైన్‌లో తెప్పించింది. కాచి, ఫ్లాస్కులో పోసి బీరువాలో పెట్టి, "అది ఆడోళ్ల మందు, ముట్టొద్దు" అంది. బీరువాలో దాచింది ఏదైనా రుచిగానే ఉంటుందని రామచంద్ర నమ్మకం. వారంగా రోజూ ఫ్లాస్కు ఖాళీ చేసి, వేడినీళ్లలో చిటికెడు టీపొడి కలిపి నింపేస్తున్నాడు. ఆ ఉదయమూ ఆ గడ్డిపూల టీ తాగి గడ్డం గీయించుకోవడానికి బయలుదేరాడు.

మునీర్ సెలూన్ తెరిచింది నిన్ననే. కుడి చెంప నున్నగా అయింది. ఎడమ చెంప మొదట్లోనే ఫోను మోగితే రామచంద్ర తల తిప్పాడు. చిన్న గాటు. మునీర్ పటిక రుద్దాడు. రక్తం ఆగలేదు. దూది అదిమాడు. అయినా ఆగలేదు.

"అన్నా, మందులేమన్నా మింగుతాండావా?"

"ఒక్కటీ లేదప్పా!"

గుండెకు స్టెంట్ వేశాక రక్తం పల్చబడడానికి ఇచ్చిన మాత్ర ఉంది. కానీ రోజూ వేసుకునేది అన్నంలాంటిది, అది మందెలా అవుతుంది? ఇక టీ అంటారా, అది గడ్డి!

పక్క కుర్చీలో బాలప్ప నురగ మొహంతోనే లేచాడు. "ఓ మునీరూ, కత్తా అది, కొడవలా? నేను పోతా!"

బాలప్ప నోట 'కోసినాడు' అన్నమాట టీకొట్టు చేరేసరికి 'గొంతు కోసినాడు' అయింది. బస్టాండు చేరేసరికి మనిషే పోయాడు. సెలూన్ ముందు జనం. మునీర్ కళ్లలో నీళ్లు.

"నిన్న రిబ్బన్ కటింగు, ఈ పొద్దు నా పేరే కటింగు!" అంటూనే రామచంద్రను క్లినిక్‌కు లాక్కెళ్లాడు. జనమూ వెంటే వచ్చి బయట గుమిగూడారు. నాగరత్నమ్మ ఏడుస్తూ పరుగెత్తుకొచ్చింది. చూస్తే మనిషి కూర్చునే ఉన్నాడు.

డాక్టరమ్మ గాటు అదిమిపెట్టి అడిగింది. "గుండె మాత్ర కాకుండా ఆకులు, పూలు, కషాయాలు ఏమైనా?"

రామచంద్ర గొణిగాడు. "ఎర్రపూల టీ..."

"అది నాది కదప్పా!" నాగరత్నమ్మ ఏడుపు ఆగిపోయింది.

"రక్తం పల్చబడే మాత్రతో ఇలాంటివి కలిస్తే రక్తం ఇంకా కారే ప్రమాదం ఉంది. దీనివల్లేనని కచ్చితంగా చెప్పలేను కానీ టీ ఆపండి. మాత్ర మాత్రం ఆపొద్దు. బయటున్నోళ్లంతా వినండి, కత్తి తప్పేం లేదు!"

మునీర్‌కు ప్రాణం లేచొచ్చింది. బాలప్ప నురగ తుడుచుకుంటూ మెల్లగా సెలూన్ దారి పట్టాడు.

"ఆ టీ ఆవిర్లకైనా పనిచేస్తుందా?" అడిగాడు రామచంద్ర.

"కొందరు తగ్గిందంటారు. గట్టి రుజువు లేదు."

"ఎందుకు లేదు డాక్టరమ్మా? వారంగా నాకు శానా తగ్గిండాది!" అంది నాగరత్నమ్మ.

"వారంగా నువ్వు తాగుతాండేది నేను పోసిన వేడినీళ్లే!"



మిగిలిన చెంప ముట్టనని మునీర్ రెండు చేతులూ జోడించాడు. కుప్పంలో పెదనాన్న ముందు వరుసలోనే కూర్చున్నాడు, కుడి చెంప ఒక్కటే సభకు చూపిస్తూ.

నాగరత్నమ్మ ఇప్పుడు ఒట్టి వేడినీళ్లే తాగుతోంది. ఫ్లాస్కు మాత్రం బీరువాలోనే దాస్తోంది.