చిన్నబాబుగారి చల్లటి గది

ఆ ఎండాకాలం కార్యాలయంలో ఒక చల్లటి గది వెలసింది. అది తమ కోసమేనని ఎవరైనా పొరబడతారేమోనని తలుపు మీద ముందే రాయించారు: "చిన్నబాబు విశ్రాంతి గది. అనవసరంగా ప్రవేశించరాదు."

చిన్నబాబు అంటే పెద్దసారుగారి కుక్క. ఒత్తయిన బొచ్చు, నెమ్మదైన స్వభావం. సారు భార్య పుట్టింటికి వెళ్లడంతో దానికీ ఆఫీసు తప్పలేదు. రేకుల కప్పు కింద పనిచేసే సిబ్బంది దాని పేరుకు 'గారు' చేర్చడం మొదటిరోజే నేర్చుకున్నారు.

పెద్దగుమాస్తా మాత్రం కాస్త చిన్నబుచ్చుకున్నాడు. హాల్లో ఫ్యాను తిరగడం లేదని ఆయన అర్జీ పెట్టి రెండు వేసవులు దాటాయి. అది పరిశీలనలో ఉంది. ఆ పరిశీలనకు ఇంతవరకూ ఎవరూ భంగం కలిగించలేదు. చిన్నబాబుగారి ఏసీ మాత్రం పొద్దున తలుచుకుంటే మధ్యాహ్నానికల్లా గోడెక్కింది.

సారు సిబ్బందిని వరసగా నిలబెట్టి ఉపన్యసించారు.

"కుక్కకు మనలాగ ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి వగర్చడమే దానికి దిక్కు. అందుకని ఎప్పుడూ మంచినీళ్లుండాలి. కాలే నేలమీద నడిపించకూడదు. మూసిన కారులో క్షణం కూడా వదలకూడదు. మీ సంగతి వేరు. మీకు దేవుడు చెమట ఇచ్చాడు. ఇచ్చింది వాడుకోండి!"

అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టినందుకు ఇంకాస్త చెమట పట్టింది.

ఒక మిట్టమధ్యాహ్నం టైపిస్టమ్మ కుర్చీలోంచి జారి కిందపడింది. ముఖం కందిపోయింది. పిలిస్తే పలకలేదు. పెద్దగుమాస్తాకు ఆమె ఏళ్ల తరబడి పక్క బల్ల మనిషి, "అన్నయ్యా" అని తప్ప పిలిచి ఎరగదు. ఆయన ఇక బోర్డు చూడలేదు. మరో ఇద్దరి సాయంతో ఆమెను మోసుకెళ్లి చిన్నబాబుగారి పరుపుమీద పడుకోబెట్టి, చిన్నబాబుగారి నీళ్లే ముఖాన చల్లాడు. చిన్నబాబుగారు అభ్యంతరం చెప్పలేదు. పక్కకు జరిగి చోటిచ్చారు. ఆ కార్యాలయంలో ఒకరు లేచి మరొకరికి చోటివ్వడం అదే మొదలు.

ఆమె కళ్లు తెరిచేసరికి గుమ్మంలో సారు.

"ఎవరిచ్చారయ్యా అనుమతి?"

నిజం చెబితే ఉద్యోగానికి ఎసరు. పెద్దగుమాస్తా చేతులు కట్టుకున్నాడు. "చిన్నబాబుగారు ఒంటరిగా బెంగపెట్టుకున్నారండి. చూడలేక తోడు పెట్టాం."

సారు కళ్లు చెమ్మగిల్లాయి. "ఎంత మంచి మనసయ్యా మీది! ఒక్కరు చాలుతారా?"

"ఎక్కడ చాలుతారండీ!"

మర్నాటికల్లా బల్లలు, బీరువాలు, టీ ఫ్లాస్కు గదిలోకి చేరాయి. బెంగ తీర్చడంలో ఒకరిని మించినవారు ఇంకొకరు. సెలవులు పెట్టడం మానేశారు, ఆదివారం కూడా వస్తామన్నారు. పెద్దగుమాస్తా ఏసీకి ఎదురుగా కుర్చీ వేసుకుని, పాత అర్జీని వెనక్కి తీసుకున్నాడు. హాల్లో ఉక్కపోతతో బాధపడేవాళ్లు ఇప్పుడెవరూ లేరు కదా.

పనులమీద వచ్చినవాళ్లు మాత్రం వరండా ముందు ఎండలో నిలబడేవారు. ఒక ముసలాయన తలుపు తోసి, "బాబూ, కాస్త లోపల నిలబడనా? కళ్లు తిరుగుతున్నాయి" అన్నాడు.

"ఇది కుక్క కోసం పెట్టిన గది తాతా, మనుషులకు కాదు" అన్నాడు పెద్దగుమాస్తా, ఎంతో మర్యాదగా.

టైపిస్టమ్మ తలెత్తి "అన్నయ్యా..." అని ఏదో అనబోయింది. తెరిచిన తలుపులోంచి వడగాలి మెడకు తగలగానే మళ్లీ తల దించుకుంది.

అంతమంది ఊపిరికి గదే వేడెక్కింది. చిన్నబాబుగారు నాలుక వేలాడేసి వగర్చారు. నీళ్ల గిన్నె కోసం చూస్తే అందులో ఎవరివో సీసాలు చల్లబడుతున్నాయి. కాళ్ల సందుల్లోంచి ఎలాగో దారి చేసుకుని బయటపడి, వరండా చివర కారుతున్న కొళాయి కింద, గోడ నీడలో తడిమట్టి తవ్వుకుని బోర్లా పడుకున్నారు. ముసలాయనా అక్కడికే చేరాడు. తుండుగుడ్డ తడిపి నెత్తిన వేసుకుని, దోసిట్లో నీళ్లు పట్టి చిన్నబాబుగారికీ తాగించాడు. పెంచినవాళ్లు కంగారుపడతారేమోనని తర్వాత వెళ్లి తలుపు తోశాడు.

"బాబూ, మీ కుక్క బయటుంది."

లోపల అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"తెలుసు తాతా," అన్నాడు పెద్దగుమాస్తా. "ముందు ఆ తలుపు వెయ్యి. చల్లగాలి పోతోంది."