తడిసిన నమూనా

ఆ రోజు ఉదయం శానిటరీ ఇన్‌స్పెక్టర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి పరీక్ష చెయ్యబోయే చెత్త మీద రెండు బకెట్ల నీళ్ళు పోయించడం. అంతే.

ఊరి చెత్తను కాల్చి కరెంటు తీయాలని మున్సిపాలిటీ తీర్మానించి, ఆ పని ఇంజనీరుకు అప్పగించింది. పరాయివాడైతే ఇన్‌స్పెక్టర్ ఓర్చుకునేవాడే. కానీ ఇంజనీరు స్వయానా తోడల్లుడు. ఇరవై రెండేళ్ళుగా ఈ చెత్త కంపు పీల్చింది తను. పేపర్లో ఫొటో పడింది మొన్న చేరిన అతనిది. భార్య ఆ ఫొటోను కత్తిరించి మరీ ఫ్రిజ్ మీద అంటించింది.

"మా మరిది ఎంత కళగా ఉన్నాడో చూశారా?" అంది కాఫీ అందిస్తూ.

"వెనకున్న చెత్తకుప్ప ఇంకా కళగా ఉంది," అంటూ ఆయన కాఫీని సగంలోనే వదిలేశాడు.

ఇంజనీరు నెల్లాళ్ళపాటు చెత్త యార్డులో ఒక కుప్పను ఎండబెట్టించాడు. లాబొరేటరీ నుంచి వచ్చే మేడమ్ అందులోంచి నమూనా తీసి, మండుతుందో లేదో తేలుస్తుంది. మండకపోతే తోడల్లుడి ప్లాంటు అటకెక్కినట్టే.

ఇన్‌స్పెక్టర్ యార్డులోని లారీ డ్రైవరుకు ఫోన్ చేశాడు. ఉన్నదున్నట్టు చెప్పడానికి నోరు రాలేదు. "మేడమ్‌గారు వస్తున్నారు కదా, దుమ్ము లేవకుండా ఆ కుప్పను కాస్త తడిపించు," అన్నాడు.

"కాస్తేంటి సార్? మీరు చెప్పారుగా, ఇక చూడండి!"

డ్రైవరు చూసి రమ్మంటే కాల్చి వచ్చే రకం. కమిషనర్ గారి వీధికి వెళ్తున్న మంచినీళ్ళ ట్యాంకరును దారిలోనే ఆపి, యార్డుకు మళ్ళించాడు. హారన్ కొట్టుకుంటూ దూసుకొస్తున్న ట్యాంకరును చూసి, కుప్ప అంటుకుందేమోనని గేటు దగ్గర వాచ్‌మన్‌ హడలిపోయి ఫైర్ స్టేషన్‌కు ఫోన్ చేశాడు. రెండు ఫైరింజన్లు వచ్చాయి.

"మంట ఎక్కడ?"

"పైకి కనపడట్లేదండీ. లోపలెక్కడో ఉండుంటుంది," అన్నాడు వాచ్‌మన్.

లోపలి మంట ఆరేదాకా వాళ్ళు అరగంటసేపు నీళ్ళు కొట్టారు.

ఇన్‌స్పెక్టర్ వెళ్ళేసరికి కుప్ప కూలబడి, నల్లటి నీళ్ళు గేటు దాటి రోడ్డెక్కాయి. మేడమ్ చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడింది. పరీక్ష చూడ్డానికొచ్చిన కమిషనర్ ప్యాంటు మోకాళ్ళదాకా మడిచాడు. తోడల్లుడు తల పట్టుకున్నాడు. ఆ తల చూడగానే ఇన్‌స్పెక్టర్ ప్రాణం లేచొచ్చింది. అన్ని నీళ్ళు పోసి ఫైరింజన్లు నిజంగా ఆర్పింది ఆయన కడుపుమంట ఒక్కటే.

"ఇది మండదు," అంది మేడమ్.

"ఎవడు తడపమన్నాడు?" కమిషనర్ గర్జించాడు.

"మన ఇన్‌స్పెక్టర్ సారే!" అన్నాడు డ్రైవరు, మెచ్చుకుంటారని ముందుకొచ్చి.

ఇన్‌స్పెక్టర్‌కు ఉద్యోగం కళ్ళముందే కొట్టుకుపోతున్నట్టనిపించింది. అంతలో మేడమ్ ఆయన్ని అడిగింది. "ఊళ్ళోంచి రోజూ వచ్చే చెత్త ఎలా ఉంటుంది?"

"ఇలాగే... ముప్పాతిక వంతు తడిదేనండీ." భయంలో నిజం చెప్పేశాడు.

"మరి ఎండబెట్టిన కుప్ప నాకెందుకు చూపిస్తున్నారు? దాన్ని నమ్మి ప్లాంటు కడితే నెల తిరక్కుండా మూతపడేది. తడి చెత్తను కాల్చకూడదు, మూసిన ట్యాంకుల్లో కుళ్ళబెట్టాలి. గ్యాస్ వస్తుంది, గ్యాస్‌తో కరెంటు వస్తుంది."

కమిషనర్ ఇన్‌స్పెక్టర్ వైపు కొత్తగా చూశాడు. "ఇంత తెలిసినవాడివి ముందే చెప్పలేదేమయ్యా?"

"తమ్ముడు నొచ్చుకుంటాడని..."

"చాల్చాల్లే. గ్యాస్ ప్లాంటు నీదే. రేపట్నించి నీ ఆఫీసు కూడా ఇక్కడే." కమిషనర్ ఇంజనీరు వైపు తిరిగాడు. "నువ్వు పార్కులు చూసుకో, వెళ్ళు."

తోడల్లుడు ఏడుస్తాడని ఎదురుచూశాడు ఇన్‌స్పెక్టర్. అతను పరుగున వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. "అన్నయ్యగారూ, మీ మేలు ఈ జన్మలో మర్చిపోను! ప్లాంటు పూర్తయ్యేదాకా మూడేళ్ళు ఈ కంపులో ఎలా బతకాలా అని బెంగ పెట్టుకున్నా. పార్కులో ఆఫీసు చుట్టూ గులాబీలేనట!"

గులాబీలన్న మాట ఇన్‌స్పెక్టర్ గుండెల్లో ముల్లులా దిగింది.

వారం తిరక్కుండానే, పార్కులకు బదిలీ చెయ్యమని ఆయన దరఖాస్తు పెట్టుకున్నాడు. కమిషనర్ దాన్ని అభిప్రాయం కోసం పార్కుల అధికారికి పంపించాడు.